రియాక్టా యాంగులరా, క్రోమా ఫైర్‌ఫాక్సా: ఫ్రంట్ ఎండ్‌లో ఏది ఎప్పుడు

అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ ఉన్న ఫ్లెక్సీలన్నిటి మీదా కనిపించే మాట ఫుల్ స్టాక్. జావా ఫుల్ స్టాక్, పైథాన్ ఫుల్ స్టాక్, డాట్ నెట్ ఫుల్ స్టాక్. అందులో ఫ్రంట్ ఎండ్ (బ్రౌజర్‌లో వాడేవాళ్లకు కనిపించే భాగం) వాటా సాధారణంగా కొన్ని క్లాసుల హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, ఆ వెంటనే రియాక్ట్ లేదా యాంగులర్. బ్రౌజర్‌లోనే ఉచితంగా ఉన్న డీబగ్గింగ్ పనిముట్లకు సిలబస్‌లో చోటు దొరకడం అరుదు. కోర్సు అయ్యాక ఫోన్ చేసి అడిగే కుర్రాళ్ల ప్రశ్న కూడా ఆ వరసలోనే ఉంటుంది: "అన్నా, రియాక్ట్ నేర్చుకోవాలా, యాంగులర్ నేర్చుకోవాలా?"

ఈ ప్రశ్నకు జవాబు ఉంది, కింద చెబుతాను. కాకపోతే ఫ్రేమ్‌వర్క్ (పేజీలు కట్టడానికి ముందే సిద్ధంగా ఉన్న కోడ్ చట్రం) ఎంపిక చాలామందికి తమ చేతిలో ఉండదు. ఏ ప్రాజెక్టులోకి తీసుకుంటే దానిదే రాజ్యం. రోజూ, ప్రతి బగ్ దగ్గరా మీరే నిర్ణయించుకోవాల్సింది ఇంకొకటి ఉంది: ఈ తప్పుని ఏ బ్రౌజర్‌లో, ఏ ప్యానెల్‌లో వెతకాలి? నా దృష్టిలో అసలైన ఎంపిక అది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

ముందు ఫ్రేమ్‌వర్క్ సంగతి

హైదరాబాద్‌లో ఉద్యోగమే లక్ష్యమైతే లెక్క కొంచెం మోటుగా చెప్పొచ్చు. బ్యాంకులు, ఇన్సూరెన్స్, హెల్త్‌కేర్ క్లయింట్ల పని చేసే పెద్ద సర్వీస్ కంపెనీలు, జీసీసీలు (విదేశీ కంపెనీలు ఇక్కడ పెట్టుకున్న సొంత టెక్ కేంద్రాలు), వెనక జావా స్ప్రింగ్ బూటో డాట్ నెట్టో ఉన్న చోట్లు: ఇక్కడ యాంగులర్ తరచుగా కనిపిస్తుంది. స్టార్టప్‌లు, ప్రొడక్ట్ కంపెనీలు, ఏజెన్సీలు: ఇక్కడ రియాక్ట్. రెండింటిలో ఏదీ రాకుండా మొదలుపెడుతుంటే రియాక్ట్ తీసుకోండి, ఎక్కువ తలుపులు తెరుచుకుంటాయి. ఇప్పటికే జావా చేతిలో ఉండి, క్లాసులు, ఇంటర్‌ఫేస్‌లు, డిపెండెన్సీ ఇంజెక్షన్ అన్న మాటలు అలవాటైనవాళ్లకు మాత్రం యాంగులర్ తొందరగా ఒంటబడుతుంది. అలాంటివాళ్లని రియాక్ట్ వైపు తోయడం నాకు సబబుగా అనిపించదు.

రెండింటి స్వభావం వేరు. రియాక్ట్ 2013లో ఫేస్‌బుక్ బయటపెట్టిన లైబ్రరీ. స్క్రీన్ గీయడం వరకే దాని పని. రౌటింగ్, ఫారాలు, సర్వర్ నుంచి డేటా తెచ్చుకోవడం లాంటివన్నీ మీరే ఏరుకోవాలి. అందుకే ఒక కంపెనీ రియాక్ట్ ప్రాజెక్ట్ ఇంకో కంపెనీ రియాక్ట్ ప్రాజెక్ట్‌లా ఉండదు. యాంగులర్‌లో అవన్నీ పెట్టెలోనే వస్తాయి, టైప్‌స్క్రిప్ట్ (టైపులు చేర్చిన జావాస్క్రిప్ట్) తప్పనిసరి. ఒక ప్రాజెక్ట్ తెలిస్తే ఇంకోదానిలో దారి దొరుకుతుంది. 2023 నుంచి సిగ్నల్స్, కొత్త కంట్రోల్ ఫ్లో సింటాక్స్ వచ్చాక యాంగులర్ కోడ్ మునుపటికన్నా చాలా తేలికపడింది కూడా. ఇంటర్వ్యూలో ఒక్కటి అడిగి తెలుసుకోండి: మీకు ఇచ్చే ప్రాజెక్ట్ యాంగులర్ జేఎస్సా, యాంగులరా? పేర్లు దగ్గరగా ఉన్నా 2010లో వచ్చింది వేరు, 2016లో మొదటి నుంచి తిరగరాసింది వేరు. పాతదానికి గూగుల్ మద్దతు 2021 డిసెంబరుతో ఆగిపోయింది. ఇప్పటికీ దాని మెయింటెనెన్స్ ప్రాజెక్టులు నడుస్తూనే ఉన్నాయి, ఫ్రెషర్లని వాటిలో కూర్చోబెట్టేవాళ్లూ ఉన్నారు.

వ్యూ, స్వెల్ట్ అనే మరో రెండు ఫ్రేమ్‌వర్క్‌లూ మంచివే. సొంత ప్రాజెక్టుకైతే నేను స్వెల్ట్ వైపే మొగ్గుతాను, రాయాల్సిన కోడ్ తక్కువ. ఇక్కడి ఉద్యోగ ప్రకటనల్లో మాత్రం అవి వెతికితేనే దొరుకుతాయి.

కొండాపూర్‌లో టిఫిన్ సెంటర్‌కో, కేపీహెచ్‌బీలో హాస్టల్‌కో, దిల్‌సుఖ్‌నగర్‌లో పచ్చళ్ల షాపుకో సైట్ చేసిపెట్టమన్నారనుకోండి. నాలుగు పేజీలు, ఒక ఫోన్ నంబరు, ఒక మ్యాప్, ఒక మెనూ. దీనికి రియాక్ట్ దేనికి? ఉత్త హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, చెంచాడు జావాస్క్రిప్ట్ చాలు. పాప్‌అప్ కావాలంటే డైలాగ్ అనే ట్యాగ్ 2022 నుంచి అన్ని ప్రధాన బ్రౌజర్లలోనూ ఉంది. ఒకప్పుడు దీనికోసమే జేక్వెరీ ప్లగిన్లు తెచ్చుకునేవాళ్లం.

వీట్, నెక్స్ట్, పోయిన క్రియేట్ రియాక్ట్ యాప్

రియాక్ట్ అనుకున్నాక రెండో ప్రశ్న ప్రాజెక్ట్ ఎలా మొదలుపెట్టాలన్నది. లాగిన్ అయ్యాకే కనిపించే డ్యాష్‌బోర్డ్, ఆఫీసు లోపలి టూల్, హెచ్ఆర్ పోర్టల్ లాంటివైతే వీట్ అనే బిల్డ్ టూల్. గూగుల్ సెర్చ్‌లో కనిపించాల్సిన, మొదటి పేజీ వేగంగా రావాల్సిన పబ్లిక్ సైటైతే నెక్స్ట్ అనే రియాక్ట్ ఫ్రేమ్‌వర్క్. సైట్ అంతా చదివే సమాచారమే అయితే ఆస్ట్రో చూడండి. మరీ వివరంలోకి వెళ్లక్కర్లేదు, ఈ మూడు ముక్కలు గుర్తుంటే తొంభై శాతం సందర్భాలకు సరిపోతుంది.

ఒకప్పుడు రియాక్ట్ ప్రాజెక్ట్ మొదలుపెట్టడానికి అందరూ వాడిన క్రియేట్ రియాక్ట్ యాప్‌ని రియాక్ట్ టీమే 2025 ఫిబ్రవరిలో అధికారికంగా పక్కన పెట్టేసింది. ఇన్‌స్టిట్యూట్ డెమో క్లాసులో మొదటి కమాండ్ ఇంకా అదే అయితే ఆ నోట్స్ ఎప్పటివో అర్థం చేసుకోండి. ఫీజు కట్టే ముందు పరీక్షించడానికి ఇంతకన్నా చవకైన పద్ధతి లేదు.

నెక్స్ట్ తీసుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. పేజీ ముందు సర్వర్‌లో తయారై, తర్వాత బ్రౌజర్‌లో ప్రాణం పోసుకుంటుంది. ఆ రెండు చోట్లా వచ్చిన ఫలితం ఒకటి కాకపోతే హైడ్రేషన్ ఎర్రర్. దీనికి మన దగ్గర మామూలు కారణం టైమ్ జోన్. సర్వర్ సాధారణంగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది, వాడేవాళ్లు ఐదున్నర గంటలు ముందుంటారు. పేజీలో "ఈరోజు తేదీ" వేశారనుకోండి, అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారుజాము 5.30 వరకు సర్వర్ నిన్నటి తేదీ చెబుతుంది, బ్రౌజర్ ఇవాళ్టిది చెబుతుంది. పగలు టెస్ట్ చేసే క్యూఏ టెస్టర్‌కి ఇది ఎన్నటికీ దొరకదు.

సీఎస్ఎస్: టెయిల్‌విండ్, బూట్‌స్ట్రాప్, ఉత్తదే

అడ్మిన్ ప్యానెల్ రేపటికి కావాలంటే, బటన్లు, ఫారాలు రెడీమేడ్‌గా ఇచ్చే బూట్‌స్ట్రాప్. డిజైనర్ ఫిగ్మాలో గీసి ఇచ్చినట్టే, కాంపొనెంట్లుగా, టీమ్‌లో పదిమంది కలిసి చెయ్యాలంటే, చిన్న చిన్న క్లాసుల్ని హెచ్‌టీఎంఎల్‌లోనే పేర్చుకునే టెయిల్‌విండ్. టెయిల్‌విండ్ మీద ఉన్న ఫిర్యాదు (క్లాసుల గొలుసు చూడ్డానికి వికారంగా ఉంటుందని) నిజమే, కానీ పేర్లు పెట్టే తలనొప్పి పోతుంది, ఒకరు మార్చింది ఇంకొకరి పేజీని పాడుచెయ్యదు. ఫ్లెక్స్, గ్రిడ్ (సీఎస్ఎస్‌లో లేఅవుట్ పద్ధతులు) తెలియకుండా టెయిల్‌విండ్ నేర్చుకుంటే మాత్రం ఆ క్లాసులు మంత్రాల్లా బట్టీ పట్టాల్సిందే.

ఉత్త సీఎస్ఎస్‌ని తక్కువ అంచనా వేసేవాళ్లు దాన్ని చూసి చాలా రోజులై ఉంటుంది. 2017 మార్చిలో క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ ఒకే నెలలో గ్రిడ్ తెచ్చాయి. 2023లో కంటైనర్ క్వెరీలు అన్నిటికీ అందాయి, అంటే కార్డు తన చుట్టూ ఉన్న పెట్టె వెడల్పుని బట్టి తనే సర్దుకుంటుంది, స్క్రీన్ వెడల్పుతో పని లేదు. అదే ఏడాది నెస్టింగ్ (రూల్ లోపల రూల్ రాయడం) కూడా వచ్చింది. డిసెంబరులో ఫైర్‌ఫాక్స్ కూడా చేరడంతో 'హ్యాజ్' సెలెక్టర్ అందరికీ అందింది: లోపల ఎర్రర్ ఉన్న ఫారం గడికి ఎర్ర అంచు వెయ్యడానికి ఇక జావాస్క్రిప్ట్ అక్కర్లేదు. నెస్టింగ్ కోసమే సాస్ (సీఎస్ఎస్‌గా మారే భాష) వాడుతున్న ప్రాజెక్టుల్లో చాలావాటికి ఇప్పుడు దాని అవసరం లేదు.

ఇక డీబగ్గింగ్: ఏ బ్రౌజర్ దేనికి

నేను ఇంటర్వ్యూ చేసేటప్పుడు రియాక్ట్ హుక్స్ గురించి పెద్దగా అడగను. ఒక విరిగిన పేజీ ఇచ్చి "ఎందుకు పనిచెయ్యట్లేదో కనుక్కో" అంటాను. ఎడిటర్‌లోకి పరిగెత్తేవాళ్లు ఒక రకం, ఎఫ్12 నొక్కి డెవ్‌టూల్స్ (బ్రౌజర్‌లోని డీబగ్గింగ్ పనిముట్లు) తెరిచేవాళ్లు ఇంకో రకం. రెండో రకం వాళ్లు పని నేర్చుకోవడం నేను చూశాను.

రోజూ చేసే పనికి క్రోమే మూల బ్రౌజర్, దాని మీద వాదన అక్కర్లేదు. ఎడ్జ్ కూడా 2020 నుంచి క్రోమియం మీదే నడుస్తోంది కాబట్టి ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఎడ్జ్ ఒక్కటే ఇచ్చినా మీకు పోయేదేమీ లేదు, ప్యానెళ్లు దాదాపు అవే. జావాస్క్రిప్ట్ బగ్, నెట్‌వర్క్ బగ్, నత్తనడక: ఈ మూడింటికీ క్రోమ్ తెరవండి.

లేఅవుట్ బగ్‌కి మాత్రం ఫైర్‌ఫాక్స్. ఫైర్‌బగ్ అనే ఎక్స్‌టెన్షన్ 2006లో పుట్టింది ఈ బ్రౌజర్ మీదే, ఇవాళ్టి డెవ్‌టూల్స్ అన్నిటికీ అది పెద్దక్క. ఆ వారసత్వం సీఎస్ఎస్ దగ్గర ఇంకా కనిపిస్తుంది. ఒక రూల్ రాశారు, పనిచెయ్యట్లేదు, ఎందుకో తెలియట్లేదు. ఫైర్‌ఫాక్స్ ఆ లైన్‌ని మసకగా చూపించి, పక్కన చిన్న గుర్తు పెట్టి, దాని మీద మౌస్ పెడితే కారణం చెబుతుంది: "ఇది ఫ్లెక్స్ కంటైనర్ కాదు కాబట్టి జస్టిఫై-కంటెంట్‌కి ప్రభావం లేదు" అన్న తరహాలో. 2019లో ఈ సౌకర్యం వచ్చింది. తర్వాత క్రోమ్ కూడా ఇలాంటి సూచనలు మొదలుపెట్టింది కానీ నాకు ఫైర్‌ఫాక్స్ వివరణే తిన్నగా అర్థమవుతుంది. ఫ్లెక్స్ ఐటెం ఎందుకు కుంచించుకుపోయిందో, అసలు వెడల్పు ఎంత, పెరిగిందెంత, తగ్గిందెంత అని బొమ్మ గీసి చూపించేది కూడా ఇదే. కొత్తగా సీఎస్ఎస్ నేర్చుకునేవాళ్లు కొన్ని నెలలు ఫైర్‌ఫాక్స్‌లోనే లేఅవుట్ రాస్తే సగం సందేహాలు ఎవరినీ అడగక్కర్లేకుండానే తీరతాయి.

ఫైర్‌ఫాక్స్ నెట్‌వర్క్ ప్యానెల్‌లో ఇంకో మేలు: వెళ్లిన రిక్వెస్ట్‌ని అక్కడే మార్చి మళ్లీ పంపొచ్చు. పోస్ట్‌మన్ అనే యాప్ తెరిచి, టోకెన్ కాపీ చేసి, హెడర్లు అతికించే తతంగం తప్పుతుంది. క్రోమ్‌లో ఇదే పనికి రిక్వెస్ట్‌ని ఫెచ్ రూపంలో కాపీ చేసి కన్సోల్‌లో అతికించుకోవాలి.

సఫారీ వెబ్ ఇన్‌స్పెక్టర్‌ని ఇష్టపడి వాడేవాళ్లు తక్కువ. అయినా తప్పదు, ఐఫోన్ బగ్‌కి వేరే దారి లేదు. దాని గురించి చివర్లో.

కన్సోల్ లాగ్ తప్పా?

కాదు. కన్సోల్ లాగ్‌ని (ఒక విలువని డెవ్‌టూల్స్ కన్సోల్‌లో అచ్చువేసే లైన్‌ని) చులకన చేసే సీనియర్లు రాత్రి పదింటికి వాడేది కూడా అదే. కాకపోతే దాని హద్దు తెలియాలి. ఒక విలువ ఎంతో తెలుసుకోవడానికి లాగ్ చాలు. ఆ విలువ అలా ఎందుకైందో తెలియాలంటే బ్రేక్‌పాయింట్ (కోడ్‌ని ఒక లైన్ దగ్గర ఆపే గుర్తు) కావాలి, ఎందుకంటే కాల్ స్టాక్ (ఏ ఫంక్షన్‌ని ఏది పిలిచిందన్న వరస) అక్కడే కనిపిస్తుంది.

ఒక లూప్ అయిదు వందల సార్లు తిరుగుతూ ఎక్కడో ఒక్క ఆర్డర్ దగ్గర ధర తప్పుతోంది. మామూలు బ్రేక్‌పాయింట్ పెడితే నొక్కి నొక్కి వేళ్లు పోతాయి. లైన్ నంబరు మీద రైట్ క్లిక్ చేసి కండిషనల్ బ్రేక్‌పాయింట్ పెట్టి "ధర సున్నా అయితే ఆగు" అని రాయండి. కోడ్ మార్చకుండా లాగ్ కావాలంటే అదే మెనూలో లాగ్‌పాయింట్ ఉంది. జనం వాడుతున్న ప్రొడక్షన్ సైట్‌లో మీరు లాగ్ రాసి డిప్లాయ్ చెయ్యలేరు కదా, అక్కడ ఇది బంగారం. ప్రొడక్షన్‌లోనే కోడ్ మార్చి చూడాలనుకుంటే క్రోమ్ సోర్సెస్‌లో ఓవర్‌రైడ్స్ ఉంది: ఫైల్ మీ మెషీన్‌లో మాత్రమే మారుతుంది, రీలోడ్ చేసినా నిలుస్తుంది, క్లయింట్‌కి ఏమీ కాదు. ఏపీఐ (సర్వర్ నుంచి డేటా తెచ్చే దారి) జవాబుని కూడా ఇలాగే మార్చి, బ్యాకెండ్ టీమ్ పని పూర్తయ్యే లోపలే మీ స్క్రీన్ సిద్ధం చేసుకోవచ్చు.

ఎవరో ఒక క్లాసుని తీసేస్తున్నారు, ఏ కోడ్ తీస్తోందో తెలియట్లేదు. ఎలిమెంట్స్‌లో ఆ నోడ్ మీద రైట్ క్లిక్, 'బ్రేక్ ఆన్', ఆట్రిబ్యూట్ మార్పు. మారిన క్షణంలో సరిగ్గా ఆ లైన్ మీద ఆగుతుంది. పాత కోడ్ బేస్‌లోకి కొత్తగా వెళ్లినవాళ్లకు ఇంత పనికొచ్చే మీట ఇంకోటి లేదని నా నమ్మకం.

డ్రాప్‌డౌన్ తెరిచి ఇన్‌స్పెక్ట్ చెయ్యబోతే మూసుకుపోవడం అందరికీ అనుభవమే. ఎలిమెంట్స్‌లో స్టైల్స్ పైన ఉన్న 'హోవ్' నొక్కితే పేజీ ఫోకస్‌లో ఉన్నట్టే నటించమని చెప్పే టిక్ ఉంది. అది పెట్టండి, డ్రాప్‌డౌన్ నిలబడుతుంది.

రియాక్ట్ డెవ్‌టూల్స్, వ్యూ డెవ్‌టూల్స్, యాంగులర్ డెవ్‌టూల్స్ ఎక్స్‌టెన్షన్లు వీటికి ప్రత్యామ్నాయం కాదు, పైపూత. స్టేట్‌లో ఏముందో, ఏ కాంపొనెంట్ ఎందుకు మళ్లీ రెండర్ అయిందో (తిరిగి గీసుకుందో) చెప్పడానికి అవి. రియాక్ట్ ప్రొఫైలర్ సెట్టింగ్స్‌లో రెండర్ కారణం రికార్డు చేసే టిక్ ఒకటుంటుంది, అది పెట్టకుండా ప్రొఫైలర్ నడిపి ఏం అర్థం కాలేదనేవాళ్లు ఎక్కువ. అనవసర రెండర్లని ఆపడానికి మెమోలు (మారనిదాన్ని మళ్లీ గీయొద్దని చెప్పే కోడ్) చల్లుకుంటూ పోయే అలవాటుకి రియాక్ట్ కంపైలర్ చాలావరకు ముగింపు పలుకుతోంది, 2025 అక్టోబరులో దాని 1.0 వచ్చింది.

"బ్యాకెండ్ తప్పా, మా తప్పా?"

ఆఫీసుల్లో సగం గొడవలకు మూలం ఇది. తేల్చేది నెట్‌వర్క్ ట్యాబ్. ఇక్కడ ఎంపిక ఏమీ లేదు, ఏ బ్రౌజరైనా సరే, చదవడం రావాలి. రిక్వెస్ట్ అసలు వెళ్లిందా? వెళ్లకపోతే తప్పు మనది, దాన్ని ఏ లైన్ పంపాలో మన కోడ్‌లో వెతకండి. వెళ్లింది, 400 వచ్చింది: పేలోడ్ తెరిచి మనం పంపిందేమిటో చూడండి. 401: లాగిన్ టోకెన్ చూడండి. 500: సర్వర్ తప్పు, స్క్రీన్‌షాట్ తీసి బ్యాకెండ్ గ్రూప్‌లో పెట్టండి. సీఓఆర్ఎస్ ఎర్రర్ (వేరే సైట్ నుంచి వచ్చే రిక్వెస్ట్‌కి సర్వర్ అనుమతి లేదని బ్రౌజర్ అడ్డుకోవడం) వస్తే, బ్రౌజర్ ముందుగా అనుమతి అడిగే ఆప్షన్స్ రిక్వెస్ట్‌కి ఏం జవాబు వచ్చిందో చూడండి. దాన్ని సరిచెయ్యాల్సింది సర్వర్ వైపే. క్రోమ్‌లో ఏదో ఎక్స్‌టెన్షన్ వేసుకుని సీఓఆర్ఎస్ ఆపేసుకుంటే మీ మెషీన్‌లో మాత్రమే బాగవుతుంది.

200 వచ్చింది, డేటా సరైనదే, స్క్రీన్ మీద తప్పు కనిపిస్తోంది. అది మనదే. ఇక్కడ హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా క్లయింట్‌కి పనిచేసేవాళ్లకు తెలిసుండాల్సిన బగ్ ఒకటుంది. ఏపీఐ నుంచి '2026-01-26' అని ఉత్త తేదీ వస్తుంది. జావాస్క్రిప్ట్ డేట్‌కి దాన్ని ఇస్తే యూటీసీ అర్ధరాత్రిగా లెక్కిస్తుంది. మన దగ్గర అది ఉదయం 5.30, తేదీ 26నే, అంతా బాగుంది. డల్లాస్‌లో ఉన్న మీ బావగారు అదే పేజీ తెరిస్తే 25 కనిపిస్తుంది. ఇక్కడ నుంచి ఎంత టెస్ట్ చేసినా దొరకదు. క్రోమ్‌లో సెన్సార్స్ ప్యానెల్ తెరిచి లొకేషన్, టైమ్ జోన్ అమెరికాకి మార్చి చూడండి, వెంటనే బయటపడుతుంది.

నెట్‌వర్క్ ట్యాబ్‌లో రెండు టిక్కులు మర్చిపోవద్దు. 'ప్రిజర్వ్ లాగ్' లేకపోతే లాగిన్ అయ్యాక పేజీ మారగానే పాత రిక్వెస్ట్‌లు మాయం. 'డిజేబుల్ క్యాష్' డెవ్‌టూల్స్ తెరిచి ఉన్నంతసేపే పనిచేస్తుంది. "నాకు బాగానే వస్తోంది, క్లయింట్‌కి పాత వెర్షన్ వస్తోంది" అనే గొడవ వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

నత్తనడక

మీ ఆఫీసు ల్యాప్‌టాప్, ఆఫీసు వైఫై మీద వేగంగా ఉన్న పేజీ ఏమీ రుజువు చెయ్యదు. వాడేవాళ్లు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బండి తీస్తూ ఫుడ్ ఆర్డర్ చూస్తుంటారు, అమీర్‌పేట నుంచి రాయదుర్గం మెట్రోలో నిలబడి బిల్లు కడుతుంటారు, చేతిలో చవక ఆండ్రాయిడ్ ఉంటుంది. క్రోమ్‌లో నెట్‌వర్క్‌ని స్లో 4జీకి, సీపీయూని నాలుగింతలు నెమ్మదికి పెట్టి చూడండి.

లైట్‌హౌసా, పర్ఫార్మెన్స్ ప్యానెలా? క్రోమ్‌లోనే ఉన్న లైట్‌హౌస్ పేజీకి మార్కులు ఇస్తుంది, మేనేజర్‌కి చూపించడానికి అది. కారణం కావాలంటే పర్ఫార్మెన్స్ ప్యానెల్. గూగుల్ పెట్టిన హద్దులు మూడు: పేజీలో పెద్ద భాగం కనిపించడానికి 2.5 సెకన్లు, నొక్కినదానికి స్పందన 200 మిల్లీసెకన్లు, పేజీ కుదుపు 0.1. రెండోదాన్ని ఐఎన్‌పీ అంటారు, 2024 మార్చిలో పాత ఎఫ్ఐడీ స్థానంలో వచ్చింది. ఇప్పుడు పర్ఫార్మెన్స్ ప్యానెల్ తెరవగానే ఈ మూడూ మీ కళ్లముందే లెక్కకడుతుంది. నివేదిక మరో ఊరి టీమ్‌కి పంపాలంటే ఫైర్‌ఫాక్స్ ప్రొఫైలర్ మేలు, రికార్డింగ్‌ని అప్‌లోడ్ చేసి లింక్ ఇచ్చేయొచ్చు.

నా అనుభవంలో నత్తనడకకి మొదటి కారణం ఫ్రేమ్‌వర్క్ కాదు. ఫోన్‌లో తీసి తిన్నగా అప్‌లోడ్ చేసిన నాలుగైదు ఎంబీల ఫొటో. పచ్చళ్ల షాపు సైట్‌లో ఆవకాయ జాడీ బొమ్మ అంత బరువు ఉండక్కర్లేదు. నెట్‌వర్క్ ట్యాబ్‌ని సైజు వరసలో పెడితే నిమిషంలో దొరుకుతుంది.

తెలుగు అక్షరాలున్న పేజీ

దీని గురించి ఏ కోర్సులోనూ చెప్పరు కాబట్టి కాస్త ఆగుతాను. ఇంగ్లీషు డిజైన్‌ని తెలుగులోకి మార్చగానే మొదట తెగేవి ఒత్తులు. లైన్ హైట్ 1.2 పెట్టి, ఓవర్‌ఫ్లో హిడెన్ చేసిన బటన్ మీద "రాష్ట్రం" అని రాయండి, కింద ఒత్తు కోసేసినట్టు ఉంటుంది. 1.6 దగ్గర మొదలుపెట్టండి.

ఫాంట్ ఎంపికలో చూడాల్సింది బరువులు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, ఎన్‌టీఆర్, రామభద్ర అందంగా ఉంటాయి కానీ ఒక్కో బరువులోనే దొరుకుతాయి. బోల్డ్ అడిగితే బ్రౌజర్ తనే దొంగ బోల్డ్ తయారుచేస్తుంది, అక్షరాల కడుపులు పూడుకుపోతాయి. శీర్షికకి రామభద్ర పెట్టినా, లోపలి పాఠానికి నోటో సాన్స్ తెలుగు నయం, దానిలో పలచన నుంచి ముదురు వరకు అన్ని బరువులూ ఉన్నాయి. అసలు మీరు అడిగిన ఫాంటే వచ్చిందా, ఫోన్‌లో ఉన్నదేదో వచ్చిందా అన్నది ఫైర్‌ఫాక్స్ ఫాంట్స్ ప్యానెల్ స్పష్టంగా చెబుతుంది. క్రోమ్‌లో కంప్యూటెడ్ ట్యాబ్ అడుగున ఉంటుంది.

పేరు పొడుగైతే జావాస్క్రిప్ట్‌లో స్లైస్ చేసి చుక్కలు పెట్టడం ఇంకో పొరపాటు. "శ్రీ" అన్నది మనకు ఒక అక్షరం, జావాస్క్రిప్ట్‌కి దాని పొడవు 4. మొదటి రెండే ఉంచి కోస్తే "శ్" మిగులుతుంది. కత్తిరింపు పనిని సీఎస్ఎస్ టెక్స్ట్-ఓవర్‌ఫ్లోకి వదిలెయ్యండి. సెర్చ్‌లో "హైదరాబాద్" దొరకట్లేదంటే, టైప్ చేసిన మాట, డేటాలో ఉన్న మాట రెండింట్లో ఒకదాని చివర కంటికి కనిపించని జెడ్‌డబ్ల్యూఎన్‌జే అనే గుర్తు ఉండి ఉంటుంది. రెండు మాటల్నీ కన్సోల్‌లో ఎన్‌కోడ్-యూఆర్‌ఐ-కాంపొనెంట్‌కి ఇచ్చి చూస్తే తేడా బయటపడుతుంది. డబ్బుకి కామాలు చేత్తో పెట్టొద్దు: ఇంటల్ నంబర్ ఫార్మాట్‌కి మన దేశపు లొకేల్ (భాష, దేశం గుర్తు) ఇస్తే 1,00,000 అని లక్షల లెక్కలోనే రాస్తుంది.

ఫోన్: క్రోమ్ బొమ్మా, అసలు ఫోనా

క్రోమ్‌లో ఫోన్ గుర్తు నొక్కి "ఐఫోన్" ఎంచుకుంటే వచ్చేది ఐఫోన్ కాదు, ఆ వెడల్పు ఉన్న క్రోమ్. లేఅవుట్ సర్దుబాటుకి అది చాలు. టచ్, కీబోర్డ్, వేగం, సఫారీ బగ్గులు చూడ్డానికి పనికిరాదు.

ఆండ్రాయిడ్‌కి దారి సులువు, డబ్బు కూడా పెద్దగా కాదు. జగదీశ్ మార్కెట్‌లో దొరికే పాత ఫోన్ ఒకటి, ఒక యూఎస్‌బీ కేబుల్. ఫోన్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, ల్యాప్‌టాప్ క్రోమ్‌లో 'క్రోమ్ ఇన్‌స్పెక్ట్' పేజీ తెరిస్తే ఫోన్‌లోని ట్యాబ్ మీ డెవ్‌టూల్స్‌లోకి వస్తుంది. యాప్ లోపలి వెబ్‌వ్యూ కూడా ఇక్కడే కనిపిస్తుంది, డెవలపర్ ఆ యాప్‌లో డీబగ్గింగ్ అనుమతించి ఉంటే. టీమ్‌కి ఒక్క టెస్ట్ ఫోన్ కొనే బడ్జెట్ ఉంటే కొత్త ఫ్లాగ్‌షిప్ కొనకండి, రెండు మూడేళ్ల నాటి చవక ఫోన్ కొనండి.

ఐఫోన్ దగ్గర ఖర్చు మొదలవుతుంది. మన దేశంలో ఐఫోన్‌లో క్రోమ్ తెరిచినా లోపల నడిచేది సఫారీ ఇంజిన్ వెబ్‌కిట్టే, కాబట్టి "క్రోమ్‌లో కూడా పాడైంది" అన్నంత మాత్రాన అది వేరే బగ్ కాదు. మామూలుగా ఎదురయ్యేవి కొన్ని ఉన్నాయి. ఎత్తు 100వీహెచ్ (స్క్రీన్ ఎత్తు మొత్తం) అని రాస్తే అడుగు బటన్ అడ్రస్ బార్ కింద దాక్కుంటుంది, దానికి మందు అడ్రస్ బార్‌ని లెక్కలోకి తీసుకునే డీవీహెచ్. ఇన్‌పుట్ ఫాంట్ 16 పిక్సెల్స్‌కన్నా తక్కువుంటే నొక్కగానే పేజీ జూమ్ అవుతుంది. పాత ఐఫోన్‌లో పూర్తిగా తెల్ల పేజీ వస్తే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు చూడండి: లుక్‌బిహైండ్ అనే సింటాక్స్ సఫారీకి 2023 మార్చిలో 16.4తో గానీ రాలేదు, ఐఫోన్ 7 ఐఓఎస్ 15 దగ్గరే ఆగిపోయింది. కోడ్‌లో ఎక్కడో ఒక్క చోట అది ఉన్నా ఫైల్ మొత్తం చదవకుండా వదిలేస్తుంది.

ఇలాంటివి తిన్నగా చూడాలంటే మ్యాక్, ఐఫోన్, కేబుల్ మూడూ కావాలి. ఐఫోన్‌లో సఫారీ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో వెబ్ ఇన్‌స్పెక్టర్ ఆన్ చేసి, మ్యాక్ సఫారీలో డెవలప్ మెనూ నుంచి తెరవాలి. మ్యాక్ లేనివాళ్లకు ప్లేరైట్ అనే టెస్టింగ్ టూల్ ఉంది, అది విండోస్, లినక్స్ మీద కూడా వెబ్‌కిట్‌ని నడుపుతుంది. అచ్చం సఫారీ కాకపోయినా లేఅవుట్ తప్పులు చాలావరకు పట్టిస్తుంది. అంతకుమించి కావాలంటే గంటల లెక్కన అద్దెకిచ్చే క్లౌడ్ డివైస్ సర్వీసులు. ఫ్రీలాన్స్ చేసేవాళ్లు, క్లయింట్లలో ఐఫోన్ వాళ్లు ఎక్కువైతే, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో పాత మ్యాక్ మినీ కోసం వాకబు చెయ్యండి. కొనే ముందు అది ఏ మ్యాక్ఓఎస్ వరకు అప్‌డేట్ అవుతుందో ఆపిల్ సైట్‌లో చూసుకోండి. ఓఎస్ మరీ పాతదైతే కొత్త ఐఫోన్‌ని తగిలించినప్పుడు ఇన్‌స్పెక్టర్ సతాయించే అవకాశం ఉంది.